హ్యాకింగ్ నేర్చుకోవాలా? మీ ఇంటి తాళంతోనే మొదలుపెట్టండి

"అన్నా, ఇన్‌స్టా హ్యాక్ చేసుడు ఎట్లనో జర చెప్పరాదే?"

హనుమకొండ నయీంనగర్‌లో హాస్టళ్ల మధ్య మా ఆఫీసు. కింద టీ కొట్టు. నేను నెట్‌వర్క్‌లు చూసుకునే పనిలో ఉన్నానని తెలిసి ఇంజినీరింగ్ పిల్లలు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఈ ప్రశ్నతో వస్తారు. ఎవరి ఖాతా అని అడుగుతాను. "నాదే అన్నా, పాస్‌వర్డ్ మర్చిపోయిన" అంటారు. నీదే అయితే 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కు తమ్మీ, రెండు నిమిషాల పని అంటే మొహం వేలాడేస్తారు. మొన్న వానాకాలంలో వచ్చిన ఒక పిల్లగాడు మాత్రం అక్కడితో పోలేదు. "సరే, మరి నిజంగ నేర్చుకోవాలంటే ఏంజెయ్యాలె?" అన్నాడు. నాలుగు సాయంత్రాలు టీ తాగుతూ అతనికి చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను. కంప్యూటర్ మామూలుగా వాడటం వస్తే చాలు, రోజుకు గంట చొప్పున ఆరు నెలలు కూర్చోగలిగితే ఇది మీకు పనికొస్తుంది. వారంలో అయిపోవాలంటే మాత్రం నా దగ్గర మందు లేదు.

హ్యాకర్ అంటే ఎవరో ముందు తేల్చుకోండి

ఈ మాట పుట్టింది దొంగల మధ్య కాదు. 1950ల చివర్లో అమెరికాలోని ఎంఐటీలో బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్న విద్యార్థుల క్లబ్బు ఒకటి ఉండేది. పట్టాల కింది స్విచ్చులు, వైర్లు విప్పి, తమకు తోచినట్టు మళ్లీ కలిపి, కొత్త పని చేయించడాన్ని వాళ్లు హ్యాక్ అనుకునేవారు. తర్వాత ఆ పిల్లలే కంప్యూటర్ల మీద పడ్డారు. కాజీపేట జంక్షన్ పక్కన రైళ్లు చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టో ఏమో, నాకీ కథంటే ఇష్టం.

ఒక వస్తువును తయారు చేసినవాడు "ఇట్లా ఎవరు చేస్తారులే" అని వదిలేసిన చోటును పట్టుకునేవాడే హ్యాకర్. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. ఆ చోటు దొరికాక యజమానికి చెప్పేవాణ్ని వైట్ హ్యాట్ అంటారు, దోచుకునేవాణ్ని బ్లాక్ హ్యాట్ అంటారు. అడగకుండా దూరి, తర్వాత వచ్చి "మీ తలుపు తీసే ఉంది" అని చెప్పేవాడు గ్రే హ్యాట్. పాత కౌబాయ్ సినిమాల్లో మంచివాడికి తెల్ల టోపీ, చెడ్డవాడికి నల్ల టోపీ పెట్టేవారు, ఆ పేర్లు అట్లా వచ్చాయి. వేరేవాళ్లు రాసిన టూల్‌ను, అదేం చేస్తుందో తెలియకుండా నొక్కేవాడికి స్క్రిప్ట్ కిడ్డీ అని ఎగతాళి పేరుంది. మొదటి మూడు నెలలు మీరూ నేనూ అందరం అదే. సిగ్గుపడాల్సిన పనేం లేదు, అక్కడే ఉండిపోకూడదు అంతే.

మూడు సంఘటనలు చదువుకోండి, హ్యాకింగ్‌లో రకాలు వాటితోనే అర్థమవుతాయి. మొదటిది 1988 నవంబర్ 2. రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకే ప్రోగ్రామ్ వదిలాడు. లెక్క తప్పింది. ఒకే కంప్యూటర్‌లోకి అది మళ్లీ మళ్లీ దూరి, అప్పటి ఇంటర్నెట్‌లో వేల కంప్యూటర్లను మూలకు పడేసింది. కోర్టు 3 సంవత్సరాల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10 వేల డాలర్లకు పైగా జరిమానా వేసింది. పాడు చేయాలనే ఉద్దేశం తనకు లేదని అతను చెప్పుకున్నా శిక్ష తప్పలేదు. తర్వాత ఆయన ఎంఐటీలోనే ప్రొఫెసర్ అయ్యాడు, అది వేరే సంగతి.

రెండోది కెవిన్ మిట్నిక్. 1995లో పట్టుబడి 2000లో విడుదలయ్యాడు, తర్వాత కంపెనీలకు భద్రతా సలహాదారుగా బతికాడు. ఆయన పెద్ద ఆయుధం కోడ్ కాదు, ఫోను. "నేను పక్క డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నా" అని నమ్మకంగా అడిగితే చాలామంది చెప్పేసేవారు. దీన్నే సోషల్ ఇంజినీరింగ్ అంటారు.

మూడోది 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ బ్యాంకుది. ఆ దేశపు కేంద్ర బ్యాంకు ఖాతా నుంచి దాదాపు 95 కోట్ల డాలర్లు లాగాలని చూశారు, 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు చేరిపోయాయి. శ్రీలంకకు పోవాల్సిన ఇంకో మొత్తం, పంపిన ఆదేశంలో 'ఫౌండేషన్' అనే మాటకు స్పెల్లింగ్ తప్పు పడటంతో ఆగింది. అంత పెద్ద దోపిడీ మొదలైంది ఉద్యోగానికి దరఖాస్తు పేరుతో వచ్చిన ఈమెయిళ్లతోనని తర్వాత అమెరికా దర్యాప్తులో తేలింది.

మన చుట్టూ జరుగుతున్నది చూడండి

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. వాట్సాప్‌లో లగ్గం పత్రిక వస్తుంది. పంపింది మీ మేనబావే, నంబరు కూడా ఆయనదే. నొక్కితే ఏదో ఇన్‌స్టాల్ చేయమంటుంది, చేస్తే మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. పెళ్లి పత్రికకు మీ మెసేజ్‌లతో ఏం పని? ఆగి ఆలోచించేలోపే ఓకే నొక్కేస్తారు. ఆ ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటుంది. అది పత్రిక కాదు, యాప్. అక్కడి నుంచి మీ ఓటీపీలన్నీ వాళ్లకు పోతాయి, మీ నంబరు నుంచి ఇంకో వంద మందికి అదే పత్రిక పోతుంది. మేనబావ మోసగాడేం కాదు, మీకన్నా రెండు రోజులు ముందు మోసపోయాడు. ఇదే వల పీఎం కిసాన్ పేరుతో రైతులకు, కరెంటు బిల్లు, ట్రాఫిక్ చలానా పేర్లతో మిగతావాళ్లకు వేస్తున్నారు. పత్తి, మిర్చి అమ్మిన డబ్బులు ఖాతాలో పడే కాలంలో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే రైతు ఫోను ఎంత విలువైనదో వాళ్లకు బాగా తెలుసు.

ఇందులో తాళం ఎవరూ పగలగొట్టలేదు, మనమే తలుపు తీశాం. మిట్నిక్ ఫోనులో చేసిందే ఇది. నేర్చుకునేవాళ్లు మొదటి పాఠంగా ఇంట్లో అందరి ఫోన్లలో తెలియని చోటి నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతిని ఆపేయండి, వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఎవరిదైనా డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయించండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారేలోపే ఆపాలి కాబట్టి అక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్క. పరువు పోతుందని రాత్రంతా కూర్చుని తెల్లారి చెప్పేవాళ్లను చాలామందిని చూశాను.

అనుమతి: ఇది దాటి ముందుకు పోవద్దు

ఎథికల్ హ్యాకర్ వాడే టూల్స్, దొంగ వాడే టూల్స్ ఒకటే. తేడా ఒక కాగితం. ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లినా, డేటా తీసుకున్నా, పని ఆగిపోయేలా చేసినా నష్టపరిహారం కట్టాలి. అదే పని దురుద్దేశంతో గానీ మోసంతో గానీ చేస్తే 66వ సెక్షన్ కింద 3 సంవత్సరాల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. స్నేహితురాలి ఖాతాలోకి దూరడం "సరదాకి" అని చెప్పుకోవచ్చు గానీ 66సీలో ఇంకొకరి పాస్‌వర్డ్ వాడుకోవడానికి విడిగా శిక్ష ఉంది.

నా సంగతి చెబుతాను. డిగ్రీ రెండో సంవత్సరంలో కొత్తగా ఒక స్కానింగ్ టూల్ దొరికింది. కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని నెట్‌వర్క్ మొత్తాన్ని స్కాన్ చేశాను. ఏదీ పాడు చేయాలని కాదు, చూద్దామని. ఆఫీసు గదిలో ఒక పాత ప్రింటర్ నెట్‌వర్క్‌కు కలిపి ఉంది. స్కాన్ దెబ్బకు అది బిగుసుకుపోయి, కాగితాలు పిచ్చి అక్షరాలతో కక్కడం మొదలుపెట్టింది. అది హాల్ టికెట్లు ఇచ్చే రోజు. బయట వరసలో 200 మంది. మధ్యాహ్నానికి నా పేరు బయటపడింది. మా నాన్నను పిలిపించారు, ఆయన పంటకు మందు కొట్టే పని మానుకుని బస్సెక్కి వచ్చి ఆ గది ముందు నిలబడ్డారు. "వీడేం చేసిండు సార్?" అంటే వాళ్లకూ సరిగా చెప్పడం రాలేదు. పాత ప్రింటర్లు, సీసీ కెమెరాలు, ఫ్యాక్టరీ యంత్రాలు మామూలు స్కాన్‌కే పడిపోతాయని నాకు తెలిసింది ఆ రోజే.

కాబట్టి ఎవరైనా "మా సైటు చూసి పెట్టు తమ్మీ" అంటే నోటిమాట మీద పోకండి. కాగితం మీద నాలుగు సంగతులు రాయించుకోండి. ఏయే సైట్లు, ఏ కంప్యూటర్లు చూడాలి. ఏ తేదీల్లో, ఏ సమయాల్లో. ఏవి ముట్టుకోకూడదు, ఉదాహరణకు రోగుల రికార్డులు, ఫీజుల సర్వర్. ఏదైనా ఆగిపోతే అర్ధరాత్రి అయినా ఎవరికి ఫోన్ చేయాలి. కింద యజమాని సంతకం. రిసెప్షన్‌లో పనిచేసే మీ దోస్త్ సంతకం పనికిరాదు. ఆ సైటు వేరే కంపెనీ సర్వర్ మీద నడుస్తుంటే ఆ కంపెనీ నిబంధనలూ చూడాలి, ఇల్లు అద్దెకున్నవాడు గోడ కూల్చమంటే కూల్చేస్తామా!

పునాది: నెట్‌వర్క్, లైనెక్స్, కాస్త కోడ్

ఓరుగల్లు కోటకు వెళ్లినప్పుడు కీర్తి తోరణాల దగ్గర ఫొటోలు దిగి వచ్చేయకుండా ఒకసారి గోడల వెంట నడవండి. బయట మట్టికోట, లోపల రాతికోట, కందకం. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. రాతికోట ద్వారంలో దారి నేరుగా ఉండదు, మలుపు తిరిగి లోపలికి పోతుంది. గుంపుగా ఉరికి వచ్చేవాణ్ని నెమ్మది చేయడానికే ఆ మలుపు. ఒక గోడ పోయినా ఇంకోటి ఉండాలన్న ఆ ఆలోచననే ఇవాళ భద్రతా రంగంలో డిఫెన్స్ ఇన్ డెప్త్ అంటున్నారు.

కంప్యూటర్‌కు ద్వారాలు నాలుగు కాదు, 65,535. వాటిని పోర్టులు అంటారు. ఐపీ అడ్రస్ కోట ఎక్కడుందో చెబుతుంది, పోర్టు ఏ ద్వారమో చెబుతుంది. 80, 443 వెబ్‌సైట్లవి. 22 దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎస్ఎస్‌హెచ్‌ది. 21 ఫైళ్లు పంపుకునే పాత ఎఫ్‌టీపీది. తెరిచి ఉన్న ప్రతి ద్వారం వెనక ఒక ప్రోగ్రామ్ కాపలా ఉంటుంది. ఆ కాపలావాడు ముసలివాడా, నిద్రపోతున్నాడా, తెలిసిన జబ్బేమైనా ఉందా అని చూడటమే మీ పని. ఐపీ, పోర్టు, సైటు పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్, రెండు కంప్యూటర్లు మాట కలుపుకునే టీసీపీ మూడు అడుగుల పద్ధతి, బ్రౌజర్‌కూ సైటుకూ మధ్య నడిచే భాష హెచ్‌టీటీపీ: ఈ అయిదూ మీ మాటల్లో ఇంకొకరికి చెప్పగలిగేదాకా టూల్స్ జోలికి పోకండి. ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ ఇంద్రనీల్ సేన్‌గుప్తా ఎథికల్ హ్యాకింగ్ మీద చెప్పిన 12 వారాల పాఠాలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైటులో ఉచితంగా ఉన్నాయి. అందులో మొదట్లో నెట్‌వర్క్ పాఠాలే వస్తాయి, చాలామంది అక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. మీరు వదలకండి.

లైనెక్స్ అంటే విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, దానికి పుస్తకం అక్కర్లేదు. ఓవర్‌దవైర్ అనే వాళ్ల 'బ్యాండిట్' ఆట మొదలుపెట్టండి. దూరంగా ఉన్న వాళ్ల కంప్యూటర్‌లోకి బ్యాండిట్ 0 అనే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతారు. లోపల ఎక్కడో దాచిన ఫైలులో తర్వాతి మెట్టు పాస్‌వర్డ్ ఉంటుంది. అది వెతికితే పై మెట్టు. ఎల్ఎస్, సీడీ, క్యాట్, గ్రెప్, ఫైండ్ లాంటి కమాండ్లు బట్టీ పట్టకుండానే చేతికొస్తాయి. జవాబులు యూట్యూబ్‌లో ఉన్నాయని నాకూ తెలుసు. చూడకండి. ఒక మెట్టు మీద రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నవాడికే పదోది పది నిమిషాల్లో వస్తుంది. కోడ్‌కు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చాలు, ఒక ఫైలు చదివి లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాయగలిగితే ప్రస్తుతానికి సరిపోతుంది.

ఇంట్లో ల్యాబ్ కట్టుకోండి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

మీ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 60 జీబీ ఖాళీ ఉంటే చాలు. ముందు వర్చువల్‌బాక్స్ ఇన్‌స్టాల్ చేయండి, ఉచితం. ఒక కంప్యూటర్‌లో ఇంకో రెండు మూడు కంప్యూటర్లు నడపడానికి ఇది పనికొస్తుంది. "వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉంది" అని తిడితే, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు, విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. ల్యాప్‌టాప్ పాడైందనుకుని షాపుకు తీసుకుపోయి 500 ఇచ్చుకున్నవాళ్లున్నారు.

తర్వాత కాలీ లైనెక్స్, అంటే ఈ పనికి కావాల్సిన టూల్స్ ముందే పెట్టి ఇచ్చే లైనెక్స్. వాళ్ల అధికారిక సైటులో వర్చువల్‌బాక్స్ కోసం తయారుగా పెట్టిన ఫైలే దింపుకోండి. సెవెన్‌జిప్‌తో విప్పితే తెరవడమే తరువాయి. పేరు కాలీ, పాస్‌వర్డ్ కూడా కాలీ. లోపలికి వెళ్లగానే ఆ పాస్‌వర్డ్ మార్చండి. "అన్నా, మా రూమ్మేట్ పెన్‌డ్రైవ్‌ల ఉంది" అంటే వద్దు. దింపుకున్నాక సైటులో ఇచ్చిన ఎస్‌హెచ్ఏ 256 సంఖ్యతో, అంటే ఫైలు వేలిముద్ర లాంటిదానితో, మీ ఫైలు సంఖ్య సరిపోయిందో లేదో చూసుకోండి. ఒక్క అక్షరం మారినా ఫైలును ఎవరో ముట్టుకున్నట్టే, లేదా సరిగా దిగనట్టే.

మూడోది మెటాస్ప్లాయిటబుల్ 2. ఇది కావాలనే చిల్లులతో చేసిన కంప్యూటర్, మీ సాధనకే. దీనికి ఇన్‌స్టాల్ ఉండదు. వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషీన్ చేసి, డిస్క్ అడిగిన చోట 'ఉన్న డిస్క్ వాడు' అనేది ఎంచుకుని, విప్పిన ఫైళ్లలో వీఎండీకే అని ముగిసేదాన్ని చూపించాలి. 512 ఎంబీ ర్యామ్ ఇస్తే నడుస్తుంది. నల్ల తెర మీద లాగిన్ అడిగి ఆగితే పనిచేస్తున్నట్టే. రంగులు, బొమ్మలు రావు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మెటాస్ప్లాయిటబుల్‌కు నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 'హోస్ట్ ఓన్లీ' ఒక్కటే పెట్టండి, అంటే మీ ల్యాప్‌టాప్ లోపలే తిరిగే నెట్‌వర్క్. కాలీకి రెండు కార్డులు ఇవ్వండి, ఒకటి హోస్ట్ ఓన్లీ, ఇంకోటి అప్‌డేట్ల కోసం, మీ ల్యాప్‌టాప్ నెట్‌నే వాడుకునే 'నాట్'. 'బ్రిడ్జ్‌డ్' అని పెట్టారో, చిల్లుల కుండను హాస్టల్ వైఫై మధ్యలో పెట్టినట్టే. దూరేది మీరొక్కరే కాకపోవచ్చు. అన్నీ సరిగా నడిచాక రెండింటికీ స్నాప్‌షాట్ తీయండి. ఏం పాడు చేసుకున్నా ఒక్క నొక్కుతో వెనక్కి రావచ్చు.

కాలీలో ఎన్‌మ్యాప్ అనే స్కానింగ్ టూల్ పేరు రాసి, హైఫన్ పెట్టి చిన్న ఎస్, పెద్ద వి కలిపి, పక్కన మెటాస్ప్లాయిటబుల్ ఐపీ అడ్రస్ ఇవ్వండి. అడ్రస్ పొరపాటు పడకుండా రెండుసార్లు చూసుకోండి. ప్రింటర్ గుర్తుంది కదా. ఎన్‌మ్యాప్ తనంతట తాను ఎక్కువగా వాడుకలో ఉన్న 1,000 పోర్టులు తట్టి, తెరిచినవి ఏవో, వాటి వెనక ఏ ప్రోగ్రామ్, ఏ వెర్షన్ ఉందో చెబుతుంది. ఇరవైకి పైగా తెరిచి కనిపిస్తాయి. పైనే 21వ పోర్టులో వీఎస్ఎఫ్‌టీపీడీ 2.3.4 అని ఉంటుంది, ఆ ద్వారం కాపలా ఎఫ్‌టీపీ ప్రోగ్రామ్ పేరు, వెర్షన్ అవి.

దీని కథ తెలుసుకోవాలి. పేరులో మొదటి రెండక్షరాల అర్థమే 'వెరీ సెక్యూర్'. 2011 జూన్ చివర్లో దాన్ని దింపుకునే సర్వర్‌లోనే అసలు ఫైలు తీసేసి, దొడ్డిదారి కలిపిన ఫైలు పెట్టారు ఎవరో. లాగిన్ పేరులో నవ్వు ముఖం గుర్తు, అంటే కోలన్, దాని పక్కన మూసే బ్రాకెట్ రాస్తే చాలు, 6200వ పోర్టు తెరుచుకుని మొత్తం అధికారం చేతికి వచ్చేది. జులై 3న బయటపడింది. మీ ల్యాబ్‌లో ఇది చేసి చూడండి, ఎలాగో, చిల్లుల్లోంచి దూరడానికి వాడే మెటాస్ప్లాయిట్ అనే టూల్ పాఠాల్లో ఉంటుంది. చేశాక ఒక ప్రశ్న వేసుకోండి: ఆ మూడు నాలుగు రోజుల్లో దింపుకున్నవాళ్లు సంఖ్య సరిచూసుకుని ఉంటే? ఇందాక ఎస్‌హెచ్ఏ 256 దగ్గర విసుక్కున్నవాళ్లకు ఇది జవాబు.

వెర్షన్ పాతదైతే ఏమవుతుందో చెప్పడానికి 2017 మే నాటి వన్నాక్రై దాడి కూడా ఉంది. అది దూరిన విండోస్ చిల్లుకు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అతుకు ఇచ్చింది. అప్‌డేట్ "తర్వాత చేద్దాం" అనుకున్న కంప్యూటర్లు 150కి పైగా దేశాల్లో తాళం పడి డబ్బు అడిగాయి.

వెబ్‌సైట్ల చిల్లులు

ఉద్యోగాలు ఎక్కువున్నది ఇక్కడే. డీవీడబ్ల్యూఏ, జ్యూస్ షాప్ అనే సాధన సైట్లు మీ ల్యాబ్‌లోనే పెట్టుకోవచ్చు. డీవీడబ్ల్యూఏ మెటాస్ప్లాయిటబుల్‌లోనే ఉంది, వేరే పని లేదు. పాఠాలకు పోర్ట్‌స్విగ్గర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితం. డబ్బు కట్టి చేరిన కోచింగ్ కంటే నాకు అదే ఎక్కువ నేర్పింది.

ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటే భయపడతారు గానీ విషయం చిన్నది. తహసీల్ ఆఫీసు బయట చెట్టు కింద దరఖాస్తులు రాసే ఆయన ఉంటాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తాడు. "పేరు?" అంటే మీరు "మల్లయ్య, కింద అన్ని భూములు ఈయనవే అని రాసి ముద్ర వేయి" అన్నారనుకోండి. పేరు ఎక్కడ ఆగిందో, ఆజ్ఞ ఎక్కడ మొదలైందో ఆయనకు తెలియక అంతా రాసేస్తే? డేటాబేస్‌తో మాట్లాడే పాత కోడ్ అట్లాంటిదే. పేరు గడిలో ఒక కొటేషన్ గుర్తు పెట్టగానే పేరు అయిపోయిందనుకుని మిగతాదాన్ని ఆజ్ఞగా తీసుకుంటుంది. పేరు గడిలో ఏం రాసినా అది పేరే అని ముందే కట్టడి చేయడమే విరుగుడు. మెటాస్ప్లాయిటబుల్‌లోని డీవీడబ్ల్యూఏలో ఒకే పేజీని లో, మీడియం, హై అని మూడు భద్రతా స్థాయిల్లో పెట్టారు. దూరడం కన్నా ఆ మూడు కోడ్‌లూ పక్కపక్కన పెట్టుకుని తేడా చదవడం ముఖ్యం.

ఇంకో ఉదాహరణ మన దక్షిణాదిదే. తమిళనాడు కుర్రాడు లక్ష్మణ్ ముత్తయ్య 2019లో ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ మార్చే పద్ధతి గమనించాడు. ఫోనుకు 6 అంకెల కోడ్ వస్తుంది, 10 నిమిషాలు చెల్లుతుంది. 6 అంకెలంటే 10 లక్షల రకాలు. ఒకచోటి నుంచి వరసగా ప్రయత్నిస్తే సైటు ఆపేస్తుంది. కానీ వేర్వేరు ఐపీ అడ్రస్‌ల నుంచి ఒకేసారి పంపితే? వెయ్యి అడ్రస్‌ల నుంచి 2 లక్షల కోడ్‌లు పంపి, ఆపేవాడు లేడని రుజువు చేశాడు. అయిదు వేల అడ్రస్‌లు ఉంటే ఏ ఖాతా అయినా చేతిలోకి వచ్చేదే. ఆయన ఇన్‌స్టాగ్రామ్ యజమాని ఫేస్‌బుక్ కంపెనీకి రాశాడు, వాళ్లు సరిచేసి 30,000 డాలర్లు ఇచ్చారు. "ఒక్కడు అన్ని అడ్రస్‌ల నుంచి ఎట్లా పంపుతాడులే" అనుకున్నారు కట్టినవాళ్లు. ఇన్‌స్టా హ్యాక్ చేసుడు అడిగే పిల్లలకు నేను చెప్పే ఒకే ఒక్క ఇన్‌స్టా కథ ఇది.

ఆ డబ్బు చూసి రేపే బగ్ బౌంటీకి, అంటే చిల్లు చూపించి బహుమతి తీసుకునే పనికి, ఎగబడకండి. నిబంధనలు ముందే ప్రకటించిన కంపెనీల సైట్లనే, వాళ్లు చెప్పిన హద్దుల్లోనే చూడాలి. హాల్ టికెట్ నంబరు మార్చి ఇంకొకరి వివరాలు వస్తాయేమో అని పరీక్షల సైట్ల మీద ప్రయోగాలు చేయడం బౌంటీ కాదు.

పాస్‌వర్డ్‌లు

2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి, అన్నీ దాపరికం లేకుండా మామూలు అక్షరాల్లోనే దాచుకున్నారు. అన్నిటికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఆ జాబితా కాలీలో ఇప్పటికీ ఉంది. ల్యాబ్‌లో మీరే ఒక ఖాతా చేసి, మీ ఇంట్లోవాళ్లు పెట్టుకునే తీరులో, అంటే పేరు వెనక పుట్టిన సంవత్సరంతో ఒక పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్‌లు ఊహించే టూల్ జాన్ ది రిప్పర్‌తో ఎంతసేపట్లో దొరుకుతుందో చూడండి. తర్వాత సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు కలిపి పెట్టి చూడండి. నేను ఇంకేం చెప్పక్కర్లేదు.

రిపోర్టు రాయడం

కాలేజీల్లో ఇది ఎవరూ నేర్పరు, జీతం మాత్రం దీనికే ఇస్తారు. పుస్తకాల్లో హ్యాకింగ్‌కు అయిదు దశలు చెబుతారు: సమాచారం సేకరించడం, స్కాన్ చేయడం, లోపలికి పోవడం, అక్కడే ఉండిపోవడం, ఆనవాళ్లు చెరపడం. మనకు చివరి రెండూ ఉండవు. ఆనవాళ్లు చెరపడం కాదు, ప్రతి అడుగూ సమయంతో సహా రాసుకోవాలి. రిపోర్టులో ఏ చిల్లు, ఎక్కడ, ఎట్లా చేస్తే మళ్లీ కనిపిస్తుంది, దానివల్ల యజమానికి ఏం పోతుంది, ఎట్లా పూడ్చాలి అనేవి ఉండాలి. మొదటి పేజీ కంప్యూటర్ తెలియని యజమానికి అర్థం కావాలి. "మీ షాపు కస్టమర్ల ఫోన్ నంబర్లు ఎవరైనా దింపుకోవచ్చు" అంటే ఆయన కుర్చీలోంచి లేస్తాడు, అదే సంగతి సాంకేతిక పేరుతో చెబితే టీ చెప్తాడు.

వెతక్కపోయినా ఎప్పుడైనా ఎక్కడైనా చిల్లు కంటపడితే, కనిపించినంత వరకే ఆగండి. డేటా దింపుకోకండి, దోస్తులకు చూపించకండి. ఆ సంస్థకు గానీ, దేశవ్యాప్తంగా ఈ పని చూసే సెర్ట్ ఇన్‌కు గానీ ఈమెయిల్ చేయండి. "ఇంత ఇస్తే చెప్తా" అన్నారో, అది బెదిరింపు కేసు.

సర్టిఫికెట్ల సంగతి

సీఈహెచ్ పేరు హెచ్ఆర్ వాళ్లకు తెలుసు, ఖరీదెక్కువ. ఓఎస్‌సీపీ దాదాపు 24 గంటలు కూర్చుని నిజంగా మెషీన్లలోకి దూరి, తర్వాత రిపోర్టు రాయాల్సిన పరీక్ష. ఖరీదూ ఎక్కువే, విలువా ఎక్కువే. రెండూ మొదటి సంవత్సరంలో అక్కర్లేదు. "45 రోజుల్లో ఎథికల్ హ్యాకర్, వంద శాతం ప్లేస్‌మెంట్" అనే బోర్డులు మన చౌరస్తాలో కూడా వెలిశాయి. చేరేముందు వాళ్లను ఒక్కటి అడగండి: మీ ల్యాబ్ ఏది, మా చేత ఏం చేయిస్తారు? స్లైడ్లు చూపిస్తే లేచి రండి.

ఆ పిల్లగాడు దీపావళి తర్వాత మళ్లీ వచ్చాడు. బ్యాండిట్‌లో పదిహేను దాటాడట. పరకాల దగ్గర వాళ్ల ఇంటికి పోయినప్పుడు, నాన్నను అడిగి, వైఫై రూటర్ చూశాడు. అడ్మిన్ అనే పేరు, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. నెట్ పెట్టిన రోజు నుంచి ఎవరూ మార్చలేదు. రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, నాలుగేళ్ల పాతది. అన్నీ సరిచేసి, నేను చెప్పినట్టే తెలుగులో అర పేజీ రిపోర్టు రాసి నాన్న చేతికిచ్చాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "మన ఇంట్లకు ఎవడొస్తడు బిడ్డా" అన్నాడట. కాసేపాగి, "నెట్ బిల్లేమన్న తగ్గుతదా?" అని అడిగాడట.